ఒక్కరోజు అద్దెకు పదేళ్ల పొరుగు

నా పెళ్లి దాదాపు చెడిపోయిన వైనం చెబుతాను. పగవాళ్లెవరైనా చెడగొట్టి ఉంటే కాస్త గౌరవంగా ఉండేది. నాకు ఆ అదృష్టం కూడా లేదు. పక్కింటి గుమ్మంలో కూర్చుని, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, పూర్తి స్పృహలో ఉండి నా చేతులతో నేనే చేసుకున్నాను.

అప్పుడు నాకు ముప్పై ఒకటి. కరీంనగర్‌లో ఒక గ్రానైట్ కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. మా అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను. అవ్వా నేనూ ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండేవాళ్లం. అంతస్తుకు రెండే ఫ్లాట్లు. పక్క ఫ్లాట్ ఓనర్ హైదరాబాద్‌లో కూర్చుని, ఫోన్‌లోనే దాన్ని రోజుల లెక్కన అద్దెకు ఇచ్చేవాడు. పెళ్లికి వచ్చినవాళ్లు, మానేరు డ్యామ్ చూడవచ్చినవాళ్లు, పిల్లల కాలేజీ పని మీద వచ్చినవాళ్లు, రోజుకొక కుటుంబం దిగేది. తాళంచెవి తలుపు పక్కన నంబర్ల డబ్బాలో ఉండేది. ఆ డబ్బా తెరవడం ఎవరికీ వచ్చేది కాదు. మా బెల్లు నొక్కడం మాత్రం అందరికీ పుట్టుకతోనే వచ్చు.

"అన్నా, వైఫై పాస్‌వర్డ్ ఏంది?"

"అన్నా, గీజర్ స్విచ్ ఏడున్నది?"

"అన్నా, గీ దగ్గరల బిర్యానీ ఏడ మంచిగుంటది?"

అప్పట్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. మా గుమ్మం ముందు ఎవరైనా చెప్పులు విడిస్తే వాటిని మెట్ల మీదుగా కిందికి సాగనంపేవాణ్ణి. ఒకాయన పొరపాటున మా పాలప్యాకెట్‌తో చాయ్ పెట్టుకుంటే, కప్పు ఆయన పెదవుల దగ్గర ఉండగానే వెళ్లి నిలదీశాను. ఇంకోసారి పెళ్లివారు దిగి తెల్లారకముందే పాటలు పెట్టారు. మెట్ల దగ్గరున్న వాళ్ల నీళ్ల వాల్వ్ కట్టేసి ఆఫీసుకు వెళ్లిపోయాను. ఆ సమయానికి లోపల పెళ్లికొడుకు ఒంటినిండా సబ్బుతో ఉన్నాడని సాయంత్రం తెలిసింది.

"నీకు పెండ్లెట్లయితదో నేను చూస్త" అంది అవ్వ.

నెల తిరక్కుండానే మెట్‌పల్లి నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు మమత, బడిలో టీచరు. ఆమె ఫొటో చూసిన దగ్గర్నుంచి నేను ఆఫీసులో మా మేనేజర్‌ని చూసి కూడా నవ్వానంటే నా పరిస్థితి మీరే ఊహించుకోండి. అంతకుముందు మూడు సంబంధాలు తప్పిపోయాయి. ఇది కూడా పోతే ఇక నాకు పెళ్లి కాదని నిజంగానే భయం పట్టుకుంది. ఆదివారం వాళ్లు మా ఇల్లు చూడటానికి వస్తారనగా, గురువారం అవ్వ బాంబు పేల్చింది.

"ఇల్లు చూసుడుకు ముందుగాల ఎవలనో పంపి పక్కింటోళ్లను అడిగిపిస్తరంటరా. పోరడు తాగుతడా, తిరుగుతడా, ఎట్లాంటోడు అని."

"పక్కింట్ల ఎవలున్నరే అవ్వా?"

"నేను గూడ గదే అడుగుతున్న. ఎవలున్నరురా?"

మా వైపు జాతకాలనైనా పక్కన పెడతారు గానీ పక్కింటివాళ్ల మాట వినకుండా పిల్లనివ్వరు. కింది అంతస్తులవాళ్లు పొద్దున్నే తాళాలు వేసి డ్యూటీలకు పోతారు. కాబట్టి వాళ్లు అడగవచ్చే రోజు పక్క ఫ్లాట్‌లో ఎవరు దిగితే, నా గుణగణాలకు వాళ్లే సాక్షి.

శుక్రవారం సెలవు పెట్టి కాపు కాశాను. పదింటికి ఒక పెద్దావిడ ఒంటరిగా సంచీ పట్టుకుని వచ్చింది. నంబర్ల డబ్బాతో కుస్తీ పడుతుంటే, జీవితంలో మొదటిసారి నేనే వెళ్లి తెరిచి ఇచ్చాను. అడక్కుండానే గీజర్ కూడా వేశాను. కాసేపాగి అవ్వ చేసిన సర్వపిండి వేడివేడిగా గిన్నెలో పెట్టుకుని వెళ్లాను. ఆవిడకు బయటి తిండి పడదట. ఇంటి నుంచి తెచ్చుకున్న చిక్కుడుకాయలు గుమ్మంలో ముందేసుకుని కూర్చుంది. నేనూ ఎదురుగా కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టాను.

"ఏ ఊరు పెద్దమ్మా?"

"జగిత్యాల అవతల, బిడ్డా."

"అరె! మాకు కాబోయే చుట్టాలు గూడ గా దిక్కే!"

"అట్లనా?" అంటూ ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని నన్ను మళ్లీ ఒకసారి చూసింది.

మీకు ఇక్కడ అనుమానం వచ్చే ఉంటుంది. నాకు రాలేదు. వచ్చి ఉంటే రాసుకోవడానికి ఈ కథే ఉండేది కాదు.

"పెద్దమ్మా, మీరు జర ఒక సాయం జేయాలె. ఎవలన్న వచ్చి పక్కింటి పోరడు ఎట్లాంటోడని అడిగితే, పదేండ్ల సంది గీడనే ఉంటున్నమని చెప్పుండ్రి."

"నేను పొద్దుగాలనే దిగితిని గద కొడుకా?"

"గది వాళ్లకేం ఎరుక? పోరడు బంగారం అని చెప్పుండ్రి."

"ఉత్తగ బంగారమంటె ఎవలు నమ్మరు. ఒక్కొక్కటి చెప్పు, యాది పెట్టుకుంట. తాగుతవా?"

"దావతులల్ల రెండు బీర్లు. మీరు మాత్రం వాసన గూడ పడదని చెప్పుండ్రి."

"కోపం గిట్ల ఉన్నదా?"

"అసలే లేదని చెప్పుండ్రి. గా నీళ్లు బంద్ జేసిన ముచ్చట మాత్రం ఎత్తకుండ్రి."

"ఏం నీళ్లు?"

చెప్పాను. సబ్బు దాకా చెప్పాను. ఆవిడ అడుగుతూ పోయింది, నేను విప్పుతూ పోయాను. మూడేళ్ల డిగ్రీ ఐదేళ్లు చదివిన సంగతి, జుట్టుకు రంగేసే సంగతి, ఏదీ వదల్లేదు. ఒక్కో నిజం చెప్పడం, దాని మీద కప్పాల్సిన అబద్ధాన్ని కూడా నేర్పించడం. మా ఆఫీసు ఫైళ్లు కూడా నేను అంత శ్రద్ధగా ఎన్నడూ పెట్టలేదు.

"ఇంట్ల పని ఏమన్న జేస్తవా?"

"అవ్వకు మోకాళ్ల నొప్పులు పెద్దమ్మా. రెండేండ్ల సంది బోళ్లు నేనే తోముతున్న. గది మాత్రం ఎవలకు చెప్పకుండ్రి. ఇజ్జత్ పోతది."

ఆవిడ నా ముందున్న చిక్కుడుకాయలు కూడా తన వైపు లాక్కుంది.

"సరే బిడ్డా. ఫికర్ జేయకు" అంది.

శనివారం ఆవిడ వెళ్లిపోతుంటే సంచీ మోసుకుంటూ ఆటో దాకా వెళ్లి అడిగాను.

"ఎవలన్న వచ్చి అడిగిన్రా పెద్దమ్మా?"

"అడిగేటోళ్లు అడిగిన్రు. చెప్పేటోళ్లు చెప్పిన్రు."

నేను నిశ్చింతగా ఇంటికొచ్చి రెండు చపాతీలు ఎక్కువ తిన్నాను.

ఆదివారం మెట్‌పల్లి కారు వచ్చింది. మమత వాళ్ల బాపు దిగాడు, అమ్మ దిగింది. చివరికి కళ్లద్దాలు సవరించుకుంటూ మా పెద్దమ్మ దిగింది.

"మా అక్క. మమతకు మేనత్త. మా ఇంట్ల ఆమె మాటే మాట" అన్నాడు ఆయన.

నేను చాయ్ ట్రేతో ఆవిడకు వీలైనంత దూరంగా జరిగాను. ఆయన కూర్చోగానే అసలు విషయానికి వచ్చాడు.

"అక్కా, పక్కింట్ల దిగి అడిగొచ్చినవ్, ఈడనే అందరి ముందల చెప్తనంటివి గద. ఏం జెప్పిన్రు?"

ఆవిడ గొంతు సవరించుకుంది.

"పదేండ్ల సంది పక్కింట్లనే ఉంటున్న తమ్మీ. పోరడు బంగారం. బీరు వాసన గూడ పడదు. కోపమంటె ఏందో ఎరుకలే. డిగ్రీ మూడేండ్లల్ల ఒడగొట్టిండు. గా జుట్టు నలుపు పుట్టుకతోని వచ్చిందే."

నేను నేర్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పింది. అవ్వ నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. సంబంధం పోయిందని తెలిసిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"పదేండ్లేందక్కా?" అన్నాడు ఆయన అయోమయంగా.

"గివన్ని పోరడు నాకు నేర్పిచ్చినయ్. చెప్పొద్దన్నది ఒక్కటే ఉన్నది. వాళ్లవ్వకు మోకాళ్లు నొస్తున్నయని రెండేండ్ల సంది బోళ్లు తోముతుండట. గది చెప్తె ఇజ్జత్ పోతదట. కోపం సంగతి నేను చూసుకుంట. పిల్లనిద్దాం తమ్మీ."

నాకు ఏడుపొచ్చింది. చాయ్ ఆవిరి కళ్లలో పడిందని చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

పెళ్లి మెట్‌పల్లిలో. ఆ రోజు పొద్దున విడిది ఇంట్లో ఒంటినిండా సబ్బు పూసుకున్నాక నల్లాలో నీళ్లు ఆగిపోయాయి. తిప్పాను, కొట్టాను, బతిమాలాను. తలుపు అవతల నుంచి తెలిసిన గొంతు వినిపించింది.

"కోపమొస్తుందా బిడ్డా?"

"అసలే లేదు పెద్దమ్మా!"

కళ్లు మండుతుండగా, చేతిలో ఖాళీ చెంబుతో, అక్కడే నిలబడి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇంకొకరి వాల్వ్ ముట్టను. నా గురించి ఏ పక్కింటివాళ్లకూ పాఠాలు చెప్పను. ఈ ప్రమాణం నేటికీ తప్పలేదు. పెద్దమ్మ మాత్రం కరీంనగర్ వచ్చినప్పుడల్లా మా ఇంట్లో దిగదు. ఆ పక్క ఫ్లాటే తీసుకుని, నేను బోళ్లు తోముతున్నానో లేదో మా కిటికీలోంచి చూస్తుంది.