మిరపకాయల కన్నుతో రక్తపరీక్ష

నేను వెలగబెట్టిన ఘనకార్యాలు చాలానే ఉన్నాయి గానీ, నిక్షేపంగా ఉన్న మనిషి ఒంట్లో రక్తం లేదని తేల్చేసి ఒక ఊరినంతా హడలగొట్టిన సంగతి మాత్రం చెప్పి తీరాలి. పోయిన పరువు ఎటూ తిరిగిరాదు కాబట్టి మీరు హాయిగా నవ్వుకోవచ్చు.

ఎనభైల్లో మాట. గుంటూరులో హౌస్ సర్జన్‌గా చేరి అప్పటికి రెండు నెలలు. మాది మిరప పండించే ఇల్లు. నేను నడక నేర్చింది కల్లంలోనే. ఏది మంచికాయో, ఏది రంగు పోయిన తాలుకాయో గట్టు మీంచే చెప్పేవాణ్ణి. "ఎరుపులో నా కన్ను తప్పదు" అని హాస్టల్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకునేవాణ్ణి.

మా పక్కింటి వెంకయ్య బాబాయికి కడుపులో పుండు. ఆపరేషన్ అంటే వణికిపోతుంటే నేనే ఊరెళ్లి, "నేను పక్కనే ఉంటాగా బాబాయ్!" అని ఒప్పించాను. ఆ మాటకి ధైర్యం తెచ్చుకున్నాడు, పాపం.

ఆపరేషన్ సగంలో ఉండగా పెద్ద సర్జన్ గారు, "రక్తం ఎంతుందో ఒకసారి చూడవయ్యా" అన్నారు. ల్యాబుకి పంపితే గంట పడుతుంది. అక్కడికక్కడే చూడ్డానికి ఒక చిన్న పుస్తకం ఉండేది. అందులో అద్దుడు కాగితం మీద రక్తం చుక్క వేసి, పక్కన గ్రాముల అంకెలు వేసి అచ్చేసిన ఎరుపులతో పోల్చాలి. ముదురెరుపైతే రక్తం ఉన్నట్టు, లేతెరుపైతే లేనట్టు. నా కోసమే కనిపెట్టినట్టు లేదూ!

బాబాయి కుడిచెయ్యి బీపీ పట్టీతో గుడ్డల కింద ఉంది. ఎడమచెయ్యి సెలైన్ ఎక్కించుకుంటూ, పలక మీద చాపి, నా ఎదురుగానే ఉంది. కళ్లెదుట చెయ్యి పెట్టుకుని గుడ్డల కింద వెతుక్కోవడానికి నేనేమన్నా తెలివితక్కువవాణ్ణా? సెలైన్ సూదికి కాస్త పైన పొడిచి రక్తం లాగేశాను.

చుక్క కాగితం మీద పడింది. అచ్చం వానకి తడిసి వెలిసిపోయిన తాలుకాయ రంగు!

"ఐదేనండీ!" అని అరిచాను.

సర్జన్ గారి చేతులు ఆగిపోయాయి. "పొద్దున పన్నెండు ఉందిగా! ఇక్కడ రక్తం ఏమీ పోలేదే!"

తల దగ్గర కూర్చున్న మత్తు డాక్టరమ్మ, "నాడి బాగుంది, బీపీ బాగుంది. సరిగ్గా చూశావా?" అంది.

"మేడం, నేను మిరప రైతు కొడుకునండీ. ఎరుపులో నా కన్ను తప్పదు."

ఆవిడ గుడ్డల కిందనుంచి కుడిచెయ్యి తీసి, ఇంకో సిరంజి రక్తం లాగి ల్యాబుకి పంపింది. సర్జన్ గారు నా వైపు తిరిగి, "ఈలోగా రక్తమిచ్చేవాళ్లని చూడు. నువ్వన్నది నిజమైతే మనిషి దక్కడం కష్టం" అన్నారు.

వరండాలోకి పరిగెత్తాను. ఊరి నుంచి ట్రాక్టరులో వచ్చిన పదిహేను మంది లేచి నిలబడ్డారు.

"బాబాయికి రక్తం కావాలి! ఎవరిస్తారు?"

పదిహేను మందిలో పద్నాలుగు మంది కూర్చున్నారు. "కల్లంలో కాయ ఆరబోసి వచ్చానయ్యా, మబ్బు పడుతోంది" అన్నాడొకాయన. బయట ఎండ పేలిపోతోంది! బాబాయి సొంత బావమరిదేమో, "నాది వేడి రక్తం నాయనా, బావకి పడదు" అన్నాడు. పిన్ని మాత్రం గోడకి చేరబడి, "ఏరా, పక్కనే ఉంటానన్నావుగా?" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చేసింది.

కూర్చోని ఆ ఒక్కడూ మా నాన్న. తలగుడ్డ విప్పి దులిపి, "ఎక్కడియ్యాలిరా?" అన్నాడు.

అదృష్టం, గ్రూపు కలిసింది. నాన్న రక్తం నిండిన సీసాని చంటిపిల్లలా పొదివి పట్టుకుని థియేటర్లోకి పరిగెత్తేసరికి, ల్యాబు చీటీ నాకంటే ముందే వచ్చేసింది. అందులో అంకె పదకొండున్నర!

"నువ్వు ఏ చేతి నుంచి తీశావు?" అంది డాక్టరమ్మ.

"ఎడమచేతి నుంచండీ."

"సెలైన్ ఏ చేతికి ఎక్కుతోంది?"

థియేటర్లో అందరి కళ్లూ ఎడమవైపు వేలాడుతున్న సెలైన్ సీసా మీదికి పోయాయి.

"నీ కన్ను తప్పలేదులేవయ్యా" అన్నారు సర్జన్ గారు మళ్లీ పనిలోకి వంగుతూ. "కాకపోతే నువ్వు చూసింది రక్తం కాదు, సగం ఉప్పునీళ్లు."

బాబాయి ఆపరేషన్ నిక్షేపంగా పూర్తయింది. నాన్న రక్తం ఆ సాయంత్రం కాన్పుల వార్డులో ఒక తల్లికి ఎక్కింది. ఆ ఒక్కటి తలుచుకున్నప్పుడు మాత్రం నాకు కాస్త ఊరటగా ఉంటుంది.

నాన్న బల్ల మీద కూర్చుని గోళీసోడా తాగుతూ నా కథంతా విన్నాడు. నవ్వలేదు.

"ఒరేయ్, మిర్చి యార్డులో కాయ కొనేవాడు బస్తాలో మచ్చు ఎక్కణ్ణుంచి తీస్తాడు?"

"మధ్యలోంచి."

"మూతి దగ్గర ఎందుకు తియ్యడు?"

"మూతి దగ్గర మనం మంచికాయ పెడతాం కాబట్టి."

"మరి నువ్వు నీళ్లు పోసే చోట మచ్చు తీశావేంట్రా?"

నాన్న సోడా చివరి గుక్క తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఎరుపు చూడ్డం నేర్పాను గానీ, మచ్చు తియ్యడం నేర్పలా. తప్పు నాదే. అందుకే రక్తం కూడా నాదే పోయింది."

ఆ ఖాళీ సోడాసీసా మీద చెయ్యేసి అక్కడికక్కడే ప్రమాణం చేశాను. సెలైన్ ఎక్కే చేతి జోలికి జన్మలో పోనని, ఎరుపు గురించి నోరెత్తనని. ఇన్నేళ్లలో ఒక్కసారీ మాట తప్పలేదు. ఇప్పటికీ మా ఆవిడ గరిటెతో పులుసు తెచ్చి ఉప్పు చూడమంటే, గిన్నె అడుగు దాకా కలిపిందని రుజువయ్యేవరకూ నోరు తెరవను.