కండక్టరమ్మ తూకం
కండక్టరమ్మ ప్రసూతి సెలవు సోమవారంతో అయిపోతుంది. యూనిఫామ్ గుండీలు మాత్రం కాజాలకు ఇంకా జానెడు దూరంలోనే ఉన్నాయి. అన్నం తగ్గిద్దామంటే, “నువ్వు కడుపు మాడ్చుకుంటే వాడికి పాలెక్కడివే?” అని అత్తగారు మారు వడ్డించి, కంచం ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుంటుంది.

ఆసుపత్రిలో పసిపిల్లల తూకం మిషను పాడైంది. నర్సు తల్లీబిడ్డలను కలిపి పెద్దవాళ్ళ తూకం మీద తూచి, అంకె హాలంతా వినబడేలా చదివి, “ఇప్పుడు బాబును నాయనమ్మకిచ్చి నువ్వొక్కదానివే ఎక్కమ్మా, తీసేసి చూస్తాను” అంది. కండక్టరమ్మ చెప్పులు విడిచి, ఇందాక తూచినప్పుడు భుజానే ఉన్న బరువైన సంచీ కూడా కింద పెట్టి, ఊపిరి బిగబట్టి ఎక్కింది. కార్డు మీంచి తలెత్తని నర్సు, “బాబు నెలలో రెండున్నర కిలోలు పెరిగాడు!” అంది.

“చూశావా నా వడ్డన మహిమ! రేపట్నుంచి ఇంకో గరిటె,” అంటూ మురిసిపోయింది అత్తగారు.

నిజం చెబుదామని కండక్టరమ్మ నోరు తెరిచింది. చెబితే మళ్ళీ తూకం ఎక్కాలి. నెమ్మదిగా సంచీ భుజానికెత్తుకుంది.