కాప్పు కట్టిన పది రోజులు

పోయిన ఆదివారం మధ్యాహ్నం నేను భోజనం చేసి చేయి కడుక్కుంటూ ఉండగా, మా బావమరిది భార్య సూలూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చి, సంచిలోంచి నాలుగు మడతల పత్రిక ముక్క ఒకటి తీసి నా ముందు పెట్టింది. ప్రభుత్వోద్యోగుల పించను పథకాన్ని మళ్ళీ మారుస్తున్నారని అందులో పెద్ద అక్షరాలతో వేశారు. ఆమె చదువు రానిది కాదు, తమిళం నాకన్నా వేగంగా చదువుతుంది, కానీ పించను అనే మాట ఎక్కడ కనిపించినా కత్తిరించి నా దగ్గరికి తేవడం భర్త పోయిన నాటినుంచీ ఆమెకు అలవాటు.

"చూడన్నా, దీంట్లో మనమూ ఉండామా?" అని అడిగింది.

కళ్ళజోడు తుడుచుకునే నెపంతో కొంతసేపు గడిపాను. ఆ ముక్క చదవకముందే నా మనసు ఎక్కడికి పోయిందో నాతోపాటు ఉద్యోగాలు చేసి తల నెరిసినవాళ్ళకు చెప్పుకుంటేనే అర్థమవుతుంది.

నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. తమిళం ఆ బడి పుణ్యం. తెలుగు మా ఇళ్ళలో మాట్లాడతామే తప్ప చదివే దిక్కు లేదు కనుక, మేట్టుపాళయం మండీలో మూటలు మోసే రోజుల్లో గుంటూరు నుంచి వచ్చే మిరపకాయ బస్తాల మీది అక్షరాలు చూసి, అడిగి, కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాత్రం అగ్నిమాపక శాఖలో ఫైర్‌మన్‌గా చేరిన తర్వాత సర్వీసు రూల్సు పుస్తకంతో కుస్తీ పట్టి సంపాదించాను. అగ్నిమాపక నిలయం అంటే ఎర్ర బండీ గంటా అనుకుంటారు జనం. సగం పని రాత పనే. ఏ నిమిషాన ఫోను వచ్చింది, ఏ నిమిషాన బండి కదిలింది, ఎవరెవరు ఎక్కారు, ఏమి కాలింది, ఏమి మిగిలింది, అన్నీ పుస్తకానికెక్కాలి. నా దస్తూరి బాగుంటుందని ఆ పని నా మీద పడింది, నేనూ కాదనలేదు. నిజం చెప్పాలంటే ఆ పుస్తకం ముందు కూర్చున్నప్పుడు నాకు కొంచెం గర్వంగానే ఉండేది, బడి నన్ను వదిలేసినా అక్షరం వదల్లేదు కదా అని.

మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, మరమగ్గాల షెడ్డులో పని చేస్తూ నన్ను చూసి ఇదే ఉద్యోగం కావాలని పట్టుబట్టాడు. అర్జీ నేనే నింపాను, ఎంపికకు పెట్టిన పరుగు పందెం వాడే గెలిచాడు. నియామకం ఆర్డరు మార్చి ఏప్రిల్ నడుమ వచ్చే పంగుని నెలలో, మా ఊరి అమ్మవారి జాతరకు రెండు రోజుల ముందు వచ్చింది. జాతర మొదలయ్యే రోజు పూజారి ఊరివాళ్ళ చేతికి పసుపు దారం కడతాడు, దాన్నే కాప్పు కట్టడం అంటాం. కాప్పు కట్టిన తర్వాత పది రోజులు, జాతర ముగిసేదాకా, ఊరివాడు పగలు ఎక్కడ తిరిగినా రాత్రికి ఊళ్ళోనే పడుకోవాలి. పొలిమేర అవతల నిద్రపోతే ఇంటికి కీడు అని మా పెద్దలు గట్టిగా నమ్మేవాళ్ళు. వాడు చేరవలసినది ఎక్కడో దూరాన ఉన్న శిక్షణ కేంద్రంలో, పోయినవాడు అక్కడే ఉండాలి.

వాడు నా దగ్గరికి వచ్చి నసిగాడు. "నాకు కాప్పు వద్దని చెప్పు బావా. ముందురోజే బస్సెక్కేస్తా."

మా అత్తగారు అప్పటికే ఏడుపు మొదలుపెట్టింది. అటు ఆమె, ఇటు వాడు, నడుమ నేను. రూల్సు పుస్తకం తెరిచి, చేరడానికి గడువు ఉందని వేలు పెట్టి చూపించాను. "పది దినాల్లో ఉద్యోగం ఏమన్నా కరిగిపోతాదా? గడువు ఉండాది. జాతర చూసుకొని పో." నేను చెప్పానంటే ఇంట్లో దానికి తిరుగులేదు, పుస్తకం చూసి చెప్పేవాణ్ణి కదా. వాడు ఆగిపోయాడు.

ఆ పది రోజుల్లో ఒకనాడు నాకు అన్నం క్యారియరు ఇవ్వడానికి వాడు నిలయానికి వచ్చినప్పుడే, దగ్గరలోని ఒక మిల్లు దూది గోడౌను అంటుకుందని ఫోను వచ్చింది. దూది మంట సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు, పైన ఆరినట్టే ఉంటుంది, లోపల రాజుకుంటూనే ఉంటుంది, బేళ్ళు ఒక్కొక్కటీ విప్పి తడపాలి. వాడు సైకిలు మీద బండి వెనకాలే వచ్చేశాడు. మా ఫైర్‌మన్ ఒకడు పొగకు కళ్ళు తిరిగి పడిపోతే, మా బావమరిది ఎవరూ చెప్పకుండానే వెళ్ళి పడినవాడి చేతిలోని నీళ్ళ గొట్టం అందుకుని సాయంకాలం దాకా దించలేదు. కట్టుకున్న కాప్పు దారం మసితో నల్లబడిపోయింది.

తిరిగి వచ్చాక నేను నివేదిక రాస్తున్నాను. వాడు నా కుర్చీ వెనక నిలబడి ముఖం తుడుచుకుంటూ, "నా పేరు రాయి బావా, మొదటి మంట కదా" అన్నాడు.

"సర్వీసు నంబరు లేనివాడి పేరు ఈ పుస్తకానికి ఎక్కదురా. చేరినాక దినమూ రాస్తా, చాలు చాలనేదాకా రాస్తా" అని చెప్పి, రూలు ప్రకారం, 'ప్రజలలో ఒకరు సహాయపడ్డారు' అని రాశాను. మా డ్రైవరు నా భుజం మీదుగా అది చదివి, "ఏమప్పా పబ్లిక్కు, కాఫీ తాగుతావా?" అన్నాడు. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. తర్వాత ఉద్యోగంలో చేరి, నంబరు వచ్చి, ఎన్ని నిలయాలు మారినా పబ్లిక్కు అనే ఆ పేరు వాడి వెంటే పోయింది.

కొన్ని నెలలకు పించను పథకం మారిందని ఆర్డరు వచ్చింది. ఫలానా తేదీ నుంచి చేరినవాళ్ళకు పాత పించను లేదట. కోత జీతంలో ప్రతి నెలా ఉంటుంది, చివర్లో నెలనెలా వచ్చేదానికి మాత్రం పూచీ లేదు. ఆ తేదీ ఆర్డరు రాకముందే ఎప్పుడో గడిచిపోయినది. వెనక్కి లెక్కపెట్టి చూస్తే, మా ఊళ్ళో కాప్పు కట్టి ఉన్న పది రోజుల్లో పడింది. ఎండాకాలం దాటిపోయాక ఆర్డరు వేసి, పంగుని నెలనుంచి వర్తిస్తుందంటే, దాన్ని ఎవడు ముందుగా తెలుసుకోగలడు? మంటను చూసి బండి తీస్తాం గానీ, రేపు ఎక్కడ అంటుకుంటుందో తెలిసి నిన్ననే నీళ్ళు పోసినవాడు మా శాఖలో ఎవడూ లేడు.

ఆ కాగితాలన్నీ నింపించే పని కూడా నాకే అప్పజెప్పారు. తడి గొట్టాలు వేలాడదీసి ఆరబెట్టే టవరు కింద బల్ల వేసుకుని కూర్చుంటే, పై నుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు కాగితాల మీద పడుతుండేవి, అటూ ఇటూ జరుపుకుంటూ రాసేవాణ్ణి. కొత్తవాళ్ళు వరసగా వచ్చి సంతకాలు పెట్టారు. ఇది ఏమిటని అడిగినవాళ్ళు తక్కువ. అడిగినవాళ్ళకు నేను తమిళంలో చెప్పాను, మనవాళ్ళకు తెలుగులో చెప్పాను, ఏ భాషలో చెప్పినా అది మంచి మాట కాలేదు. మా బావమరిది వంతు వచ్చినప్పుడు నేను తల ఎత్తలేదు. వాడే కలం నా చేతిలోంచి లాక్కుని, "పబ్లిక్కుకు పించను ఎందుకు బావా" అని నవ్వి సంతకం పెట్టాడు. పాత పథకంలో మిగిలిన నా చేత్తోనే వాడి సర్వీసు పుస్తకంలో కొత్త పథకం అని ఎక్కించాను.

ఊరుకోలేదు నేను. ఆర్డరు తేదీని పట్టుకుని మనవి రాశాను, చేరిన తేదీయే లెక్క అన్నారు. అయితే చేరకముందే పని చేశాడు చూడండని దూది గోడౌను నివేదిక నకలు జతపరిచాను. అందులో ఉన్నది ప్రజలలో ఒకరు, మీ అర్జీదారు పేరు లేదు, అని జవాబు వచ్చింది. నా రాతనే నా ముఖాన చూపించారు. ఆ తర్వాత ఎన్ని రాశానో, ఎన్ని బల్లల ముందు నిలబడ్డానో చెప్పి లాభం లేదు. కూర్చోమన్నవాడు ఒక్కడూ లేడు. మంటలోకి పంపేటప్పుడు మమ్మల్ని ఎవరూ తేదీ అడగలేదే, కాగితం దగ్గర మాత్రం ఎందుకడుగుతారు అని ఒకసారి ఒక గుమాస్తాతో గట్టిగానే అన్నాను. ఆ గుమాస్తా పాపం నాకన్నా చిన్నవాడు, తల వంచుకుని, "నాదీ కొత్త పథకమే అయ్యా" అన్నాడు.

మా బావమరిది సర్వీసులో ఉండగానే పోయాడు. మంటలో కాదు, డ్యూటీ దిగి బస్టాపులో టీ తాగుతూ గుండె ఆగి పోయాడు. వాడి పేరున జమ అయినది ఒక్కసారిగా చేతికిచ్చి పంపేశారు. అది ఇంటి కప్పుకూ కూతురి చదువుకూ సరిపోయి అయిపోయింది. వాడి భార్య ఇప్పుడు మరమగ్గాల షెడ్డులో కండెలు చుడుతుంది. నాకు ప్రతి నెలా పించను వస్తుంది. వచ్చిన రోజు అన్నం సహించదు.

పత్రిక ముక్క మూడుసార్లు చదివాను. సర్వీసులో ఉన్నవాళ్ళ సంగతి ఉంది, దిగిపోయేవాళ్ళ సంగతి ఉంది, ముందే పోయినవాళ్ళ ఇంటివాళ్ళ సంగతి ఒక్క వాక్యమైనా లేదు.

"లేదమ్మా" అన్నాను.

"సరి, ఇంకొక మనవి రాసి పెట్టన్నా" అంది ఆమె, కూరగాయలు తరిగి పెట్టమన్నంత మామూలుగా.

పెట్టెలోంచి ఫైలు తీసి దారం విప్పుతుంటే పాత నకలు ఒకటి జారి ఆమె ఒడిలో పడింది. ఇన్నేళ్ళుగా మనవులు చూపించాను గానీ ఆ పేజీ ఎన్నడూ చూపించలేదు. ఆమె చదివింది. కింద ఉన్న తేదీ చూసింది, గోడౌను పేరు చూసింది.

"ఈ ప్రజలలో ఒకరు ఆయనదానే?"

"ఆమా, వాడే."

"అందుకా పబ్లిక్కనేది? నేనడిగితే, జనానికి పాటుపడేవాణ్ణి కదా, అందుకు పిలుస్తారని చెప్పినాడు." ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. నేను ఇన్నేళ్ళు రాసిచ్చిన మనవుల్లో నా దస్తూరి ఆమెకు బాగా తెలుసు. "ఈ రాత నీది."

అవునన్నాను. ఆమె కాగితాన్ని మడత తప్పకుండా ఫైల్లో పెట్టి, కొంగుతో బల్ల తుడిచి, "రాయన్నా. ఈ తడవ పేరు పెట్టి రాయి" అంది.

పేరు పెట్టే రాశాను. అది ఎక్కడికి పోతుందో, ఏ జవాబు తెస్తుందో నాకు తెలుసు, ఆమెకూ తెలుసనుకుంటాను. సాయంకాలం బస్సెక్కించి వచ్చాను.

ఈ ఏడూ పంగునిలో మా ఊళ్ళో కాప్పు కట్టారు. కట్టిన రాత్రే షిఫ్టు ఉందని కొందరు, కంపెనీ బండి వచ్చిందని కొందరు, చేతికి పసుపు దారంతోనే పొలిమేర దాటి పోయారు. పూజారి చూసి కూడా ఏమీ అనలేదు. పెద్దలం అరుగు మీద కూర్చుని ఉన్నాం, ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు.