రిపోర్టు వచ్చింది, పాప దొరకలేదు

పుట్టిన పిల్లలకు చేసే రక్తపరీక్షలు ఏ ఆసుపత్రిలో ఎలా జరుగుతున్నాయో చూసి చెప్పడం నా ఉద్యోగం. ఆ ఉదయం నాంపల్లిలోని ఒక ప్రసూతి ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి పని చూస్తే ముచ్చటేసింది. ప్రతి బిడ్డకూ మడమ దగ్గర చిన్నగా పొడిచి, రక్తపు చుక్కలను అట్ట మీద తీసుకుని, ఆరబెట్టి ల్యాబుకు పంపుతున్నారు. మంచి మార్కులు వేసేసి భోజనం వేళకు అబిడ్స్‌లో మా ఇంటికి చేరిపోవచ్చనుకున్నాను.

లేవబోతూ అడిగాను. "రిపోర్టులో తేడా వచ్చిన పిల్లలందరికీ మందు మొదలైందా?"

అన్నీ చూపిస్తున్న నర్సు రిజిస్టరు మళ్లీ తెరిచింది. "ఒక్క పాప మిగిలింది మేడం. థైరాయిడ్ తక్కువున్నదని రిపోర్టొచ్చింది. వాళ్ల ఫోను కలుస్తలేదు. రోజూ చేస్తనే ఉన్న."

ఈ లోపం మొదట్లో పైకి కనిపించదు. రోజూ చిన్న మాత్ర వేస్తే పిల్ల అందరిలాగే ఎదుగుతుంది. ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుంది. తర్వాత ఎంత మందు వాడినా పోయింది తిరిగి రాదు. ఆ పాప పుట్టి అప్పటికే రెండు వారాలు దాటింది.

"ఇల్లెక్కడ?"

"ఉస్మాన్‌గంజ్ అన్నరు. తండ్రి గాడ హమాలీ. గంతే తెలుసు."

ఇద్దరం ఆటో ఎక్కాం. మొజంజాహీ మార్కెట్ దగ్గర బండ్లు కదల్లేదు. నర్సు అదే నంబరు మళ్లీ మళ్లీ నొక్కుతోంది. దిగి నడిచిపోదామా అని రెండుసార్లు అనుకున్నాను.

ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల ఘాటుకు దగ్గుతూ, ఈ మధ్య ఆడపిల్ల పుట్టిన హమాలీ ఎవరని దుకాణం దుకాణం అడిగాం. ఒక దుకాణదారుడు మమ్మల్ని అనుమానంగా చూశాడు. "ఎవరి పిల్లతోని మీకేం పని?" నర్సు తన గుర్తింపు కార్డు చూపించింది. అటుగా బస్తా మోసుకుపోతున్న మనిషి ఆగి, దాన్ని కిందికి దించాడు.

"నాకే పుట్టింది. ఏమైంది బిడ్డకు?"

అతని ఫోను బస్సులో ఎవరో కొట్టేశారట.

వెనక సందులోని గదికి మమ్మల్ని తీసుకెళ్లాడు. పాపకు మళ్లీ రక్తం తీసి చూడాలని చెప్పగానే అతని తల్లి గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది. "పిల్ల మంచిగున్నది. ఒక్కనాడు గూడ ఏడ్వలే. పాలకు గూడ మేమే లేపుతున్నం. మల్ల సూదెందుకు?"

ఆమె గర్వంగా చెప్పిన ఆ మాటలకే మాకు భయమేసింది. అంత మత్తుగా పడుకోవడం ఆ జబ్బు లక్షణమే.

"అవ్వా, గంత నిద్ర మంచిది కాదు. జర మాతోని రాండ్రి," అంది నర్సు.

ఆమె కదల్లేదు. కొడుకు ఏమీ తేల్చుకోలేక మా వైపూ తల్లి వైపూ చూస్తున్నాడు. అప్పటిదాకా లోపల కూర్చున్న కోడలు లేచి, పాపను తువ్వాల్లో చుట్టి, చెప్పులేసుకుంది.

"అత్తమ్మా, నేను పోతున్న."

అత్తగారు గుమ్మం వదిలింది. మా వెనకే వచ్చి ఆటోలో కూర్చుంది.

మళ్లీ చేసిన పరీక్షలోనూ అదే తేలింది. డాక్టరు ఆ సాయంత్రమే మాత్రను పొడి చేసి, తల్లిపాలలో కలిపి, చెంచాతో పట్టించాడు.

నేను ఆ ఆసుపత్రికి మంచి మార్కులు వేయలేదు. పరీక్ష బాగుంది, ఫలితం పిల్లకు చేరే తీరే బాగాలేదు అని రాశాను. పెద్ద డాక్టరుకు కోపమొచ్చింది.

"ఒక్క కేసుకే ఇంత తగ్గిస్తారా?"

"ఆ ఒక్క పిల్ల కోసమే కదండీ ఇంతమందికి పరీక్ష చేసేది."

ఆయన ఫైలు మూసి పక్కకు నెట్టేశారు. కానీ ఆ తర్వాత అక్కడ కాన్పుకు వచ్చిన ప్రతి ఇంటి నుంచీ ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకుంటున్నారు, ఇంటి గుర్తులు అడుగుతున్నారు. పాప ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తోంది. పొద్దున్నే మాత్ర వేసేది నానమ్మేనట, ఆ పని కోడలికి కూడా వదలదట.