మూడోసారి అడిగే ఆర్డిస్

ఆర్డిస్ లుండీన్ ఏ సంగతైనా మూడుసార్లు అడుగుతుంది. రెండుసార్లు అడిగి ఊరుకున్న పాపాన ఆవిడ ఏనాడూ పోలేదు. "కాఫీ తాగుతారా?" అన్నా మూడుసార్లే, "ఇల్లంటుకుంది, బయటికొస్తారా?" అన్నా మూడుసార్లే.

మిన్నెసోటాలో, అందులోనూ హాల్వర్ ఫాల్స్‌లో, మొహమాటం పుట్టుకతో వస్తుంది. ఎవరేం పెట్టినా రెండుసార్లు వద్దనాలి. మూడోసారి "సరే, మీరింత ఇదిగా అంటున్నారు గనక" అంటూ పుచ్చుకోవాలి. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నా ఇదే వరస. విందుల్లో పళ్ళెంలో మిగిలిన చివరి ముక్క ఎవరూ తియ్యరు. వచ్చినవాడల్లా దాన్ని సగానికి కోసి సగమే పట్టుకుపోతాడు. ఆఖరికి చీమకి పెట్టినా చిన్నబుచ్చుకునేంత మిగులుతుంది. ఊరందరికీ ఈ మర్యాద తిండి దగ్గరే. ఆర్డిస్ దాన్ని తిండి దగ్గర ఆపలేదు. పోనీ ఇంట్లో కూచుని అడుగుతూంటే బాగుండేది, ఊరి బడులన్నిటినీ నడిపే బోర్డుకి అధ్యక్షురాలై కూచుంది.

ఆ బోర్డుకి గుమాస్తా కర్టిస్ నైగార్డ్. సమావేశాల్లో ఎవరేమన్నదీ రాసుకోవడం అతని పని. అడిగేది ఆర్డిస్, రాసేది తను, ఇంట్లో చల్లారేది తన భోజనం అని అతని గోల.

"వ్యతిరేకించేవాళ్ళున్నారా?" అంటుంది ఆర్డిస్.

"లేరు" అంటారు సభ్యులు.

"ఒక్కరూ లేరా?"

"లేరండీ బాబూ!"

"నిజంగానే లేరా?"

ఒకసారి వెర్లిన్ బాక్ అనే సభ్యుడు ఆటస్థలానికి కొత్త దీపాలు పెట్టాలని తీర్మానం తెచ్చాడు. ఆర్డిస్ మూడోసారి అడిగేసరికి చెయ్యెత్తింది ఎవరనుకున్నారు? వెర్లినే. "అడగ్గా అడగ్గా నాకే అనుమానమొస్తోంది, ఆర్డిస్. పాత దీపాలకేం వచ్చింది?" అన్నాడు. తీర్మానం తెచ్చినవారే వ్యతిరేకించారని రాయడానికి కర్టిస్ చెయ్యి ఆడలేదు.

మరోసారి బళ్ళో ఎవరో పేలాలు మాడ్చేసి గదినిండా పొగ పెట్టారు. గంట మోగింది. పిల్లలంతా బుద్ధిగా బయటికెళ్ళి మంచులో నిలబడ్డారు. గుమ్మం దగ్గర మాత్రం ఆర్డిస్, హెడ్మాస్టరూ ఆగిపోయారు. "ముందు మీరు." "అబ్బే, మీరు పదండి." "మీరు పెద్దవారు." "మీరు ఉద్యోగంలో ఉన్నవారు." ఫైరింజనువాళ్ళు వచ్చి ఇద్దర్నీ చెరో కిటికీలోంచీ దింపారు.

ఈ జబ్బు ఎలా పట్టిందని కర్టిస్ ఓసారి ఆవిడ భర్త రాయ్‌ని అడిగాడు. జవాబు ఆర్డిసే చెప్పింది. "పెళ్ళి చేసుకుంటావా అని ఈయన రెండుసార్లు అడిగాడు. ఆడపిల్లని, రెండుసార్లు వద్దన్నాను. మూడోసారి అడుగుతాడు కదా అని చూస్తే, మహానుభావుడు టోపీ పెట్టుకుని ట్రక్కెక్కాడు! ఆ ట్రక్కు వెనకాల మంచులో పరుగెత్తాను. ఇంకోసారి అడిగి చావవేం అని కేకలేశాను."

"అప్పట్నుంచీ అడగడం ఆవిడ వంతు" అన్నాడు రాయ్. "నేను ఒక్కసారికే ఒప్పేసుకుంటున్నాను. ఒంటికి మంచిది."

కర్టిస్ నవ్వాడు గానీ, పదిహేనేళ్ళ కిందటి సంగతొకటి గుర్తొచ్చి నవ్వు సగంలో ఆగింది. ఈ ఉద్యోగం కోసం వచ్చినరోజు అతను నోరు పెగలక చేతులు ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూచున్నాడు. "ఇంకేమైనా చెబుతావా నాయనా?" అని ఆర్డిస్ అడిగితే లేదన్నాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ లేదన్నాడు. మూడోసారి అడిగేసరికి "ఈ పని నాకు చాలా అవసరమండీ" అనేశాడు. ఆవిడ రెండోసారితోనే ఆగిపోయుంటే ఏమయ్యేదో అతనెప్పుడూ ఆలోచించలేదు.

ఇక అసలు కథ. రైలు పట్టాలకి అవతల, ట్రైలర్లనే చక్రాల రేకు ఇళ్ళలో, టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే సొమాలీ కుటుంబాలున్నాయి. ఇవతలి పిల్లలకి అందేవన్నీ అవతలి పిల్లలకీ అందాలని బోర్డు ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ "మనసు విప్పి మాట్లాడుకుందాం" అని ఓ విందు సభ పెట్టింది. ఇవతలివాళ్ళు వచ్చారు. మాంసం, బంగాళాదుంపలు కలిపి పొయ్యిలో కాల్చిన హాట్‌డిష్ తిన్నారు. ఈ ఏడు చలి ఎక్కువన్నారు. చివరి ముక్కని పధ్నాలుగు ముక్కలు చేసి, మనసు మడతవిప్పకుండా ఇళ్ళకి పోయారు. అవతలివాళ్ళు ఒక్కరూ రాలేదు.

ఆ నెలలోనే బడి కప్పు కారడం మొదలైంది. డబ్బెక్కడ మిగులుతుందా అని వెతికి వెతికి వెర్లిన్ సాయంత్రం బస్సు మీద కన్నేశాడు. బ్యాండుకీ, లెక్కల్లో సాయానికీ బళ్ళో ఆగిపోయిన పిల్లల్ని పట్టాల అవతల దింపొచ్చే బస్సది. అది లేకపోతే ఆ పిల్లలు చివరి గంట కొట్టగానే మొదటి బస్సెక్కి పోవాలి. వాళ్ళకి బ్యాండూ లేదు, లెక్కలూ లేవు.

"వాళ్ళకి అక్కర్లేదు, ఆర్డిస్" అన్నాడు వెర్లిన్. "బస్సుతో ఏ ఇబ్బందున్నా చెప్పండని ఇంటింటికీ ఫోన్లో సందేశం పంపాం. ఒక్కరు పలికితే ఒట్టు."

ఆ సందేశంలో గొంతు కర్టిస్‌దే. బాగా చదివాననే అనుకున్నాడు.

"ఎన్నిసార్లు పంపాం?" అంది ఆర్డిస్.

"ఒకసారి."

"ఒకసారా?" ఎవరో చచ్చిపోయారన్నట్టు గుండెమీద చెయ్యేసుకుంది. "వచ్చే సమావేశం దాకా ఓటు వద్దు."

మర్నాడు ఆవిడ కారు చలికి బిగుసుకుపోయింది. కర్టిస్ తన కారులో దింపాల్సొచ్చింది. చేతిలో పుల్లటి రూబార్బ్ కాడల కేకుతో ఆవిడ పట్టాలవతల ఖద్రా ఫారా ఇంటి తలుపు తట్టింది. ఖద్రా ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, ఇంకా పని బట్టల్లోనే ఉంది. లోపలి గదిలో ఆవిడ కూతురు ఇఫ్రా ట్రంబోన్ అనే పొడుగాటి బాకా ఊదుతోంది. దూడని పోగొట్టుకున్న గేదె అరిచినట్టుంది.

"సమావేశానికి వచ్చి బస్సు సంగతి నాలుగు మాటలు చెప్పమ్మా" అంది ఆర్డిస్.

"వద్దు పెద్దమ్మా. మాకేం ఇబ్బంది లేదు."

"వచ్చి చెప్పరాదూ?"

"మీకెందుకు శ్రమ? మేం బాగానే ఉన్నాం" అంటూ ఖద్రా టీ గ్లాసు తెచ్చింది. "తీసుకోండి."

"అబ్బే, వద్దమ్మా" అంది ఆర్డిస్, అలవాటు కొద్దీ. తాగాలనే ఉంది పాపం, యాలకుల వాసనకి ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఇంకో రెండుసార్లు అడుగుతుందని చూసింది. ఖద్రా అడగలేదు. ఆవిడ చేయి పట్టి గ్లాసు అందులో పెట్టేసింది. పక్కనే సమోసాలాంటి వేడివేడి సంబూసా పెట్టింది.

"ఇదేమిటీ! అడగవా?"

"ఇంటికొచ్చినవాళ్ళని అడుగుతామా పెద్దమ్మా? పెడతాం" అంది ఖద్రా. "అడిగితే వద్దనే కదా అంటారు ఎవరైనా!"

తిరుగుదారిలో ఆర్డిస్ "చూశావా, కర్టిస్?" అని ఒక్కసారి మాత్రం అంది. ఏం చూడాలో అతనికి తెలియలేదు. ఆవిడ మళ్ళీ అనలేదు కూడా. ఆవిడకి ఒంట్లో బాగోలేదేమోనని అతనికి నిజంగానే దిగులు పట్టుకుంది.

సమావేశం రోజు మంచు కురుస్తున్నా హాలు నిండింది. చివరి వరసలో, తలుపు పక్కనే, అవతలి తల్లులు కొందరు కోట్లు కూడా విప్పకుండా కూచున్నారు. వాళ్ళలో ఖద్రా ఉంది. "వింటానికి వచ్చాం, అంతే" అని ముందే కర్టిస్‌తో చెప్పింది. వెర్లిన్ బస్సు రద్దు తీర్మానం చదివాడు.

"బస్సు గురించి మాట్లాడేవాళ్ళున్నారా?" అంది ఆర్డిస్.

ఎవరూ లేవలేదు.

"ఉన్నారా ఎవరైనా?"

చివరి వరసలో ఖద్రా చేతులు ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూచుంది. కర్టిస్‌కి ఆ చేతులు బాగా తెలుసు. పదిహేనేళ్ళ కిందట అవి తనవే.

"చివరిసారి అడుగుతున్నాను. ఉన్నారా?"

లేరు. మూడూ అయిపోయాయి. వెర్లిన్ ఊపిరి వదిలి, "సరే మరి, ఓటుకి వెళదాం" అన్నాడు. అడగండి, ఇంకోసారి అడగండి అని కర్టిస్ లోలోపలే మొత్తుకున్నాడు. అతను జన్మలో మొదటిసారి నాలుగోసారి కోసం చూశాడు.

ఆర్డిస్ అడగలేదు. లేచింది. బల్లమీది మైకు పీకి చేత్తో పట్టుకుని నడవలోకి దిగింది.

"ఆర్డిస్, మాట్లాడేవాళ్ళు మైకు దగ్గరికి రావాలి. అదీ నియమం" అన్నాడు వెర్లిన్.

"మైకు మాట్లాడేవాళ్ళ దగ్గరికి పోకూడదని ఉందా?"

తీగ సగం దూరంలోనే బిగిసి ఊడింది. మైకు చచ్చింది. ఆర్డిస్ లెక్కచెయ్యలేదు. చచ్చిన మైకునే తీసుకెళ్ళి ఖద్రా చేయి పట్టి అందులో పెట్టేసింది.

"మీ ఇంట్లో అడగరు కదమ్మా" అంది. "ఇది మా ఇల్లు. నేనూ పెట్టేశాను."

ఖద్రా మైకు వంక చూసింది, ఆవిడ వంక చూసింది. ఫక్కున నవ్వి లేచింది. రోజంతా యంత్రాల మధ్య అరిచి మాట్లాడే గొంతేమో, మైకు అక్కర్లేకపోయింది. గోడమీది గడియారం కూడా అదిరింది.

"బస్సుతో ఇబ్బందుంటే చెప్పమన్నారు. బస్సు బాగుంది. డ్రైవరు మంచివాడు. బాగున్నదాని మీద ఫోన్ చేసి ఏం చెబుతాం? అందుకే చెప్పలేదు. అది లేకపోతే ఇబ్బందా అని ఎవరూ అడగలేదు. నా పని అయ్యేసరికి చీకటి. బస్సు లేకపోతే నా కూతురు బ్యాండు మానెయ్యాలి. అది వాయించేది మీరు వినలేదు, ఘోరంగా ఉంటుంది. బాగుపడాలంటే ఇంకా చాలా రోజులు బళ్ళో ఆగాలి."

హాలంతా నవ్వింది. ఆమె పక్కనున్నావిడ మైకు తీసుకుని లేచింది. తర్వాత ఆ పక్కావిడ. చచ్చిన మైకు చేతులు మారుతూ వరసంతా తిరిగింది.

వెర్లిన్ బుర్ర గోక్కున్నాడు. "నిజమే. నేనూ అంతే. కరెంటు ఉన్నన్నాళ్ళు కరెంటాఫీసుకి ఫోన్ చెయ్యను."

"బస్సు రద్దు చెయ్యాలనేవాళ్ళున్నారా?" అంది ఆర్డిస్, తన కుర్చీలోకి వచ్చి.

ఎవరూ చెయ్యెత్తలేదు. వెర్లిన్ కూడా. ఆవిడ మరో రెండుసార్లు అడిగింది. తీర్మానం తెచ్చినవారే వ్యతిరేకించారని కర్టిస్ ఈసారి చకచకా రాసేశాడు. కప్పు కింద మరో నెల బకెట్లు పెట్టుకుందాం, ఈలోగా వేరే దారి చూద్దాం అన్నారు.

హాలు బయటి గదిలో బల్లమీద ఖద్రా సంబూసాలు, ఆర్డిస్ కేకు పెట్టారు. పళ్ళెంలో చివరి సంబూసా మిగిలింది. ఊరి పెద్దలు చాకుల కోసం వెతుకుతుంటే ఖద్రా దాన్ని తీసి వెర్లిన్ చేతిలో పెట్టేసింది. అతను ముఖం ఎర్రగా చేసుకుని తినేశాడు.

"కేకు తింటావా, కర్టిస్?" అంది ఆర్డిస్.

"ఇవ్వండి" అన్నాడు కర్టిస్.

ఆర్డిస్ చాకు గాల్లోనే ఆగిపోయింది. ఒక్కసారికే ఒప్పుకున్న మనిషిని, మొగుణ్ణి తప్ప, ఆవిడ చూడలేదు. పెద్ద ముక్క కోసి పళ్ళెంలో పెట్టింది. అతను తింటూంటే పక్కనే నిలబడి మిగతా రెండుసార్లూ అడిగింది.