లంకకు వెళ్లిన నాలుగో మనిషి

ముందే చెబుతున్నాను, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. కోరుట్లలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లలెవరైనా మెడలో తాయెత్తు కట్టుకొని పరీక్షకు వస్తే, తాయెత్తు ఉంచుకో గానీ ఎక్కాలు కూడా చదువుకో అనే రకం. మా వాడలో ఎవరికి గాలి సోకినా, ఎవరికి పూనకం వచ్చినా ఆ కబురు నా దాకా రానివ్వరు. నేను అడిగే ప్రశ్నలకు వాళ్లకు విసుగు.

అలాంటి నేను కూర్చొని ఇది రాస్తున్నానంటే, తోచిన కారణాలన్నీ వెతికి, ఏదీ అతకక రాస్తున్నాను.

మా వైపు పాస్‌పోర్టుకు ఒకటే అర్థం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఎక్కడ చూసినా పాస్‌పోర్టు లేని ఇల్లు తక్కువే, కానీ అది పనికి పోయేవాళ్ల పాస్‌పోర్టు. మగవాళ్లు కళ్లు తుడుచుకుంటూ విమానం ఎక్కుతారు, సెలవు దొరికినప్పుడు దుప్పట్లు, సెంటు సీసాలు పట్టుకొని దిగుతారు. ఆడవాళ్లు సరదాగా వేరే దేశం వెళ్లి, సముద్రం పక్కన రిసార్టులో కాళ్లు చాపుకొని కూర్చోవడం మా వాడలో అప్పటిదాకా లేదు. ఆ పని మొదట మా ఇంట్లోనే జరగాలని నాకు పట్టుదల.

ఆ పట్టుదల వెనక ఇద్దరున్నారు. ఒకరు మా అమ్మ లచ్చవ్వ, ఇంకొకరు మా పెద్దమ్మ రాజవ్వ. ఇద్దరూ తోటికోడళ్లు. రాయికల్‌లో ఒకే అరుగు మీద, ఒళ్లో చాటలు పెట్టుకొని, జీవితమంతా పక్కపక్కనే బీడీలు చుట్టారు. పొట్లాడుకున్న రోజు కూడా పక్కపక్కనే కూర్చొని పొట్లాడుకునేవాళ్లు. టీవీలో సముద్రం కనిపిస్తే మాత్రం ఇద్దరి చేతులూ ఆగిపోయేవి. నువ్వు నౌకరీ చేసినంక మా ఇద్దరినీ సముద్రం కాడికి తోల్కపోవాలె అని పెద్దమ్మ నాకు ఎప్పుడూ చెబుతుండేది. నా చేతిలో నాలుగు రూపాయలు ఆడే కాలం వచ్చేదాకా ఆమె ఊపిరితిత్తులు ఓపలేదు. ఆమె పోయి మూడేళ్లయింది, అప్పటినుంచి అమ్మ కోరుట్లలో మా దగ్గరే ఉంటోంది. ఇక మిగిలిన మనిషికైనా సముద్రం చూపించాలి. అమ్మ మోకాళ్లు చూస్తే ఆ పనికి ఎక్కువ గడువు లేదని తెలుస్తూనే ఉంది.

విశాఖపట్నం ఉంది కదా అంటారు. ఉంది. కానీ ఇన్నేళ్లు ఆగినవాళ్లం పోయేదేదో ఘనంగానే పోదామనిపించింది. నా ఆశ నాది.

వేసవి సెలవులంతా నేనూ, డిగ్రీ చదివే మా అమ్మాయి నవ్యా ఇదే పని మీద ఉన్నాం. థాయిలాండ్ అనగానే మా ఆయన స్నేహితులు ముసిముసి నవ్వులు నవ్వారు, అది పక్కన పెట్టాం. మాల్దీవుల ఫొటోలు చూసి అమ్మ, భూమి ఏదీ అని అడిగింది. బాలి అంటే అంతసేపు విమానంలో కూర్చోవడం ఆమె మోకాళ్ల వల్ల కాదు. చివరికి శ్రీలంక తేలింది. దగ్గర, పైగా అన్నం దొరుకుతుంది, కారం కూడా గట్టిగానే తింటారట.

ఈ సంగతి పాకిపోయి, పక్కింటావిడ మా అమ్మను ఆటపట్టించింది. లంకకు పోయి తిరిగొచ్చిన ఆడది సీతమ్మ ఒక్కతేనని ఆమె అంటే, అమ్మ చాటలోంచి తల కూడా ఎత్తలేదు.

"ఆమెను ఎత్కపోయిండ్రు. మేం టికెట్ గొనుక్కోని పోతున్నం."

మా ఆయన మాత్రం రానన్నాడు. ఆయన ఏడేళ్లు మస్కట్‌లో పని చేసి వచ్చి, ఇక్కడ మొబైల్ షాపు పెట్టుకున్నాడు. "ఇసుక చూడనీకి పైసలు పెట్టి పోవుడేందే? ఏడేండ్లు ఇసుకలనే బతికిన. నాకద్దు, మీరు పోయి రాండ్రి" అన్నాడు. అసలు సంగతి ఆయనకు విమానం అంటే భయం. ఆ ఏడేళ్లూ కళ్లు మూసుకొని ఎక్కి దిగిన మనిషి. నేను రెట్టించలేదు.

అమ్మ పాస్‌పోర్టుకు ఇంకో తిప్పలు వచ్చింది. నలభై ఏళ్లు ఆకు మడిచి మడిచి ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర యంత్రం ఎంతసేపటికీ ఒప్పుకోలేదు. చేతులు కడిగించారు, తుడిపించారు, ఒత్తించారు. ఆఖరికి అది ఎలాగో పట్టుకుంటే, నా ఏలు దొరికిందా సారూ అని అమ్మ అడిగింది. ఆ ఆఫీసులో అందరూ నవ్వారు. బయటికి వచ్చి మేం ముగ్గురం మిర్చి బజ్జీలు తిన్నాం. గెలిచినట్టే ఉంది నాకు.

అన్నీ కుదిరాక, ఇక బట్టలు సర్దుకోవడమే తరువాయి అనగా అమ్మ అడ్డం తిరిగింది.

"ముగ్గురు పోవద్దు బిడ్డా. అచ్చిరాదు."

ఈ పట్టింపు మా దగ్గర అందరికీ తెలిసిందే. పెళ్లి సంబంధం చూడటానికైనా, ఆస్పత్రికైనా ముగ్గురు కలిసి బయలుదేరరు. నాకు ఒళ్లు మండింది. మూడు ఏ పాపం చేసిందని అరిచాను. టికెట్లు వచ్చాయి, సెలవు దొరికింది, ఇప్పుడు ఒక అంకె కోసం సముద్రం వదులుకుంటావా అన్నాను. ఆమె చాటను ఒళ్లోకి లాక్కుంది. మాట మధ్యలో అమ్మ చాట లాక్కుందంటే ఆ పని జరగదని అర్థం. ఆ రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

దారి మళ్లీ ఆమే చూపించింది. ముగ్గురు పోక తప్పనప్పుడు మా వాళ్లు ఒక రాయిని వెంట తీసుకుపోతారు. ఆ రాయి నాలుగో మనిషి కింద లెక్క. లెక్కల టీచరుగా చెబుతున్నాను, ఇంత సులువైన కూడిక నేనెక్కడా చూడలేదు. అమ్మ పొద్దున్నే బస్సెక్కి రాయికల్ వెళ్లి, సాయంత్రానికి ఒక రాయిని చేతిరుమాలులో కట్టి తెచ్చింది. నల్లగా, నున్నగా, పిడికిట్లో పట్టేంత ఉంది. గోదావరి ఒడ్డుదేమో అనుకున్నాను. ఎక్కడిదని అడగలేదు, ఆమె ఒప్పుకోవడమే నాకు పదివేలు.

సూట్‌కేసు సర్దుతూ, నీ చిలకపచ్చ చీర ఏదమ్మా అని అడిగాను. బతుకమ్మ పండక్కి నేనే కొన్న చీర అది. రాజవ్వ పోయిన రోజు ఆమెకు కప్పి పంపిందట. ఆ మాట చెప్పి, రాయిని చీరల మధ్య పెట్టి, నువ్వు నాలుగోదానివి అని దాన్ని తట్టింది. నేనూ నవ్యా ఒకరినొకరం చూసుకొని నవ్వాం.

మర్నాడు జగిత్యాల నుంచి టికెట్లు చేసిన ఏజెంటు ఫోన్ చేశాడు. నలుగురికి రూం అయింది మేడం అన్నాడు. ముగ్గురమే కదా అంటే, రిసార్టు వాళ్లు నలుగురనే చెప్పారని, అదనంగా ఏమీ కట్టక్కర్లేదని అన్నాడు. పొరపాటు మనకు లాభమైతే ఎవరు కాదంటారు. ఊరుకున్నాను.

శంషాబాద్‌లో ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు అమ్మ పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పాడు. మా జిల్లా పేరు చూసి అలవాటు ప్రకారమే కావచ్చు, ఏం పనికి పోతున్నావమ్మా అని అడిగాడు.

"పనికి గాదు సారూ. నలభై ఏండ్లు పని జేసిన. గిప్పుడు సముద్రం జూడనీకి పోతున్న."

ఆయన ఇంకేమీ అడగకుండా ముద్ర కొట్టాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఒక్క మాట కోసమే ఆ డబ్బంతా ఖర్చు పెట్టొచ్చు.

కొలంబోలో దిగాక మా కోసం వచ్చిన డ్రైవరు, మేం ముగ్గురం ఎక్కినా వ్యాను తలుపు పట్టుకొని కొంచెం సేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత లోపలికి ఒకసారి చూసి తలుపు వేశాడు. రిసార్టులో ఎదురొచ్చిన అమ్మాయి పళ్లెంలో నాలుగు కొబ్బరి బొండాలు తెచ్చింది. ఏజెంటు చెప్పిన అంకెనే వీళ్లూ పట్టుకున్నారు అనుకున్నాను. రాత్రి భోజనం దగ్గరా నాలుగు ప్లేట్లే. నేను ముగ్గురమని చెబితే, వడ్డించే ఆమె నాలుగో ప్లేటు తీయబోయింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది.

"ఉండనీ తియ్, ఏమన్న బరువైతదా" అంది నాతో.

ఇక్కడిదాకా దేనికీ ఆశ్చర్యపడక్కర్లేదు. ఒక చోట తప్పు పడితే చివరిదాకా అదే తప్పు వస్తుంది, పిల్లల లెక్కల్లో రోజూ చూస్తాను.

మరునాడు పొద్దున సముద్రానికి వెళ్లాం. ఎండ అప్పుడే ఎక్కుతోంది. తీరం మీద మేం తప్ప ఎవరూ లేరు. ఎత్తైన కుర్చీలో ఎర్ర బనీను వేసుకొని లైఫ్‌గార్డు ఒకతను కూర్చున్నాడు. అమ్మ అంత నీళ్లను చూసి ఏమంటుందోనని నేను కాచుకొని ఉన్నాను. ఆమె చెప్పులు విప్పి, చీర మోకాళ్ల దాకా దోపుకొని, ఎడమ చెయ్యి పిడికిలి బిగించి నేరుగా నడిచింది. భయానికి పిడికిలి పట్టిందనుకున్నాను. నవ్య ఫోన్‌లో వీడియో తీస్తోంది. మొదటి అల మోకాళ్లకు తగలగానే అమ్మ పెద్దగా నవ్వింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె అలా నవ్వగా నేను చూడలేదు. నేనూ పరుగెత్తి నీళ్లలోకి దిగాను. ఆ క్షణంలో నా అంత గొప్పది కోరుట్లలోనే కాదు, ఎక్కడా లేదనిపించింది.

అప్పుడే ఈల వినిపించింది.

లైఫ్‌గార్డు కుర్చీ దిగి పరుగెత్తుకొస్తున్నాడు. మమ్మల్ని దాటి నడుం లోతు దాకా వెళ్లి నీళ్లలోకి చూస్తున్నాడు. ఏమైందని అడిగితే, నాలుగో ఆమె ఏది అని ఇంగ్లీషులో గట్టిగా అడిగాడు. ముగ్గురమే వచ్చామన్నాను. అతను వినలేదు. పచ్చ చీర కట్టుకున్న పెద్దామె, ఈ అమ్మ కంటే పొడుగు, ఈమె చెయ్యి పట్టుకొని దిగింది, తర్వాత చెయ్యి వదిలి ముందుకు పోయింది, నవ్వుతూ పోయింది, నేను కళ్లారా చూశాను అంటున్నాడు. ఒక ప్రాణం పోయిందని నమ్మిన మనిషి ముఖం అది. అలా నటించడం ఎవరికీ రాదు.

నేను ఆ మాటలన్నీ తెలుగులో అమ్మకు చెప్పాను. చెబుతూ చెబుతూ, పచ్చ చీర దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఎవరికి కప్పి పంపిందో గుర్తొచ్చింది. పెద్దమ్మ మా అమ్మ కంటే జానెడు పొడుగు.

అమ్మ తన ఎడమ చేతిని చూసుకుంది. పిడికిలి తెరిచే ఉంది. అందులో ఏమీ లేదు.

అప్పుడు చెప్పింది. ఆ రాయి గోదావరిది కాదు. తడిపిన బీడీ ఆకు ఎగిరిపోకుండా పెద్దమ్మ దాని మీద బరువుకు పెట్టుకునే రాయి. ఆమె చాటలోనే ఎన్నో ఏళ్లు ఉన్నది. నాలుగో మనిషి కావాల్సి వస్తే ఇంకెవరిని తెస్తానని వెళ్లి దాన్ని తెచ్చిందట. నీళ్లలోకి దిగేటప్పుడు పిడికిట్లో పట్టుకుంది. ఎప్పుడు జారిందో తనకు తెలియదంది. తర్వాత ఆ లైఫ్‌గార్డు తడి భుజం మీద చెయ్యి వేసి, అతనికి భాష రాదన్న ధ్యాస కూడా లేకుండా చెప్పింది.

"ఎతకకు కొడుకా. ఆమె మునగలే. చూడనీకచ్చింది, చూసింది."

అతనికి ఏం అర్థమైందో ఏమో, అమ్మ ముఖం చూసి వెతకడం ఆపాడు. అయినా మేనేజరు వచ్చి రిసార్టులో అందరినీ లెక్క చూసుకున్నాడు. ఎవరూ తక్కువ కాలేదు. పచ్చ చీర కట్టినవాళ్లు, అసలు చీర కట్టినవాళ్లే అమ్మ తప్ప అక్కడ లేరు. ఎండలో కళ్లు చెదిరి ఉంటాయి అని మేనేజరు అన్నాడు. అదే నిజమని నేనూ అనుకోవాలని చూశాను.

మధ్యాహ్నం భోజనానికి వెళ్లేసరికి మా టేబుల్ మీద మూడు ప్లేట్లే ఉన్నాయి. మేమెవరికీ చెప్పలేదు. నిన్న వడ్డించినామెనే అడిగితే, మీరు ముగ్గురే కదా అని మామూలుగా అంది.

ఇంటికి వచ్చాక ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. అందులో మేం ముగ్గురమే ఉన్నాం, పచ్చ చీర ఎక్కడా లేదు. కానీ ఒకటి నాకు అర్థం కాదు. రాయి పట్టుకున్న చెయ్యి బరువుకు కిందికి వేలాడాలి. అమ్మ ఎడమ చెయ్యి పక్కకు చాచి ఉంది, పక్కన తన కంటే పొడుగు మనిషి పట్టుకుంటే ఉన్నట్టు, కొంచెం పైకి. ఆ చెయ్యి అలా ఎందుకుందో నేను ఇప్పటికీ చెప్పలేను.

తిరుగు ప్రయాణంలో ముగ్గురమే కదా, మరి అచ్చిరాదేమో అని నేను ఎత్తిపొడిచాను. ఇంటికొచ్చేటోళ్లకు లెక్క లేదు అని అమ్మ కిటికీ పక్కకు జరిగి నిద్రపోయింది.

ఆ వారమే రాయికల్ వెళ్తే, అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరారు. చాటలు పక్కన పెట్టేశారు. అమ్మ తెచ్చిన జీడిపప్పు తింటూ, సముద్రం నిజంగా చూసినవానే లచ్చవ్వా అని ఒకామె అడిగింది.

"చూసినం. ఇద్దరం చూసినం" అంది అమ్మ.

వెళ్లింది ముగ్గురం. తప్పు లెక్క కనబడితే చెయ్యి ఊరుకోని దాన్ని నేను. కానీ ఆ లెక్కను దిద్దలేదు.