కంపెనీ పేరడిగితే మూకుడు

నా చిన్నప్పుడు సింగపూర్ హౌగాంగ్‌లో మా పక్కింటి ఆంటీ ఒక రూలు పెట్టింది. దానివల్ల నేను పడ్డ చిరాకు ఇంతా అంతా కాదు. ఇప్పటికీ తలుచుకుంటే ముందు ఒళ్ళు మండుతుంది, ఆ తరవాతే నవ్వొస్తుంది. మా పిల్లలకు చెబుదామంటే రెండో మాటకే ఫోన్లు చేతికి తీసుకుంటారు. అందుకని ఇలా రాసి పెడుతున్నాను.

ఆంటీ మాలాగా కంప్యూటర్ ఉద్యోగం కోసం నిన్నగాక మొన్న విమానం దిగిన మనిషి కాదు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లో పనికి వచ్చాడట. ఆవిడ తెలుగులో ఆ వైపు యాస అలాగే ఉండిపోయింది, దాని మీద కాస్త అరవం, కాస్త మలాయ్ చేరాయి. భర్త పోయాడు, పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని వేరే ఫ్లాట్లకు వెళ్ళారు. పదిమందికి వండే అలవాటు మాత్రం పోలేదు. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు ఊళ్ళోకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళను పిలిచి భోజనం పెట్టేది. చేపల పులుసు, వాసనకు పాందాన్ ఆకు వేసి వండిన అన్నం, పప్పు, దాని పక్కన సంబల్ కారం. తలుపు బయట చెప్పుల గుట్ట చూస్తే లోపల గుడి ఉందనుకోవాలి.

కంప్యూటర్ వచ్చంటే చాలు పిలిచి ఉద్యోగం ఇస్తున్న రోజులవి. మనవాళ్ళు ఇద్దరు ఎదురుపడితే ముందు ఏ కంపెనీ, తరవాత ఏ ప్రాజెక్టు, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చిందా, ఫ్లాట్ కొన్నారా, ఇవన్నీ అయ్యాక మెల్లగా ఇంటిపేరు. అవతలివాడు ఎంత ఎత్తులో ఉన్నాడో తేలేదాకా అన్నం సహించదు. ఆంటీ ఇంట్లో ఈ ప్రశ్నలు బంద్. కంపెనీ పేరడిగినవాళ్ళు మసిబట్టిన మూకుడు తోమాలి. జీతం, పీఆర్ అడిగితే అన్నం గిన్నె. ఇంటిపేరు అడిగితే ఆ పూట అంట్లన్నీ వాళ్ళవే. దానికి అంత పెద్ద శిక్ష ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. తెలిశాక చాలదనిపించింది.

బదులుగా ఆంటీ ఒకే ప్రశ్న అడిగేది. "నీకు బాగా ఇష్టమైన పనేటి? అది ఎవులతో కలిసి సేసేవోడివి?" కొత్తగా వచ్చినవాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు. ఆఫీసులో ఇంటర్వ్యూలు ఎన్ని నెగ్గారో గానీ ఈ రెండు ముక్కలకు నీళ్ళు నమిలేవాళ్ళు.

నన్ను పోలీసుగా పెట్టింది. పిల్లకు కంపెనీ ఉండదు కాబట్టి నేనైతేనే న్యాయంగా పట్టుకుంటానట. పెద్దవాళ్ళు ఎంత జిత్తులమారులో ఆ ఆదివారాలే నాకు నేర్పాయి. కంపెనీ అడగకూడదు కదా అని "పొద్దున ఏ స్టేషన్‌లో దిగుతారండీ?" అనేవాళ్ళు. పీఆర్ అడగకూడదు కదా అని "పాపను ఇక్కడే పెద్ద స్కూల్లో చేరుస్తారా?" అనేవాళ్ళు. నేను వేలు చూపిస్తే "ఊరికే అడిగానమ్మా" అని నా బుగ్గ గిల్లేవాళ్ళు. పదేళ్ళ పిల్లకు ఆదివారం టీవీలో కార్టూన్లు వచ్చే వేళ ఈ ఉద్యోగమేమిటి అని తల కొట్టుకోవాలనిపించేది.

అందరికంటే ఎక్కువ అవస్థ పడింది సైన్స్ పార్క్ అంకుల్. ఆయన అక్కడి టెక్ ఆఫీసుల్లో ఏదో పెద్ద హోదాలో ఉన్నాడని ఆయన మెడలో ఆఫీసు కార్డు పట్టీ చూసి అందరికీ తెలుసు, పైకి అడగడానికే లేదు. ఆయనకు ప్రాజెక్టు తప్ప మాట రాదు. మొదట్లో నోరు తెరిచిన ప్రతిసారీ మూకుడు ఆయనదే. తరవాత ఉడుక్కుని మౌనవ్రతం పట్టాడు. బ్యాంకులో పనిచేసే ఒక ఆంటీ ఉండేది, ఆమెకు తొందరగానే రహస్యం తెలిసిపోయింది. డబుల్ డెక్కర్ బస్సు పైన ముందు సీట్లో కూర్చుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఊరికే తిరగడమంటే ఆమెకు ప్రాణమట. శనివారాలు ఒక మలాయ్ స్నేహితురాలూ తనూ చేతిలో అరటికాయ బజ్జీల పొట్లం పెట్టుకుని అలా వెళ్ళేవారట. యీషున్ అనే పేట నుంచి వచ్చే కరీంనగర్ అన్నకు బావిలో దూకడం ఇష్టం. "మా దోస్తు ముందుగల్ల దుంకేటోడు. ఆడు పైకి తేలినంక నేను దుంకుత" అని చెబుతుంటే అతని మొహం ఎంత చిన్నపిల్లాడిదైపోయేదో. నాకు మాత్రం అవన్నీ వింటుంటే ఆవలింతలొచ్చేవి.

ఇక మా నాన్న వంతు వచ్చినప్పుడు నా పరువు పోయింది. మెలికల ముగ్గులంటే ఇష్టమన్నాడు. చిన్నప్పుడు గుంటూరులో వాళ్ళక్క వెనకాలే చుక్కలు పెట్టుకుంటూ తిరిగాడట, పెట్టిన చెయ్యి ఎత్తకుండా ఒక్క గీతతో చుక్కలన్నీ చుట్టి మొదటికి రావడం ఆమె దగ్గరే నేర్చాడట. ఆంటీ ఊరుకుంటుందా, బియ్యప్పిండి గిన్నె తెచ్చి ముందు పెట్టింది. మా నాన్న ప్యాంటు మడిచి, పదిమంది ముందు నేల మీద గొంతుక్కూర్చుని ముగ్గేశాడు. మా క్లాసులో నాన్నలందరూ క్రికెట్ అనో ఫుట్‌బాల్ అనో చెప్పుకుంటారు. నేను బాత్రూములో దాక్కున్నాను. సైన్స్ పార్క్ అంకుల్ మాత్రం కంచం పట్టుకునే ఆ ముగ్గు చుట్టూ తిరిగి, గీత ఎక్కడ మొదలైందో పట్టుకోలేక మళ్ళీ వెయ్యమని సైగ చేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే గాలి మళ్ళింది. పిలిచి ఉద్యోగాలిచ్చిన కంపెనీలే పిలిచి ఇంటికి పంపడం మొదలుపెట్టాయి. మా నాన్న టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఇక్కడ పని చెయ్యడానికి ఇచ్చిన పాస్ రద్దయింది. నెల లోపల ఇంకో ఉద్యోగం దొరక్కపోతే సామాను సర్దుకుని దేశం వదిలి వెళ్ళాలి. నాకు స్కూలు మానడం, నా పక్క బెంచీ పిల్లను వదిలిపోవడం. నాన్నకు అదొక్కటే కాదు, ఆ ఉద్యోగం చూసుకుని ఇంట్లో ఎన్ని మాటలిచ్చాడో ఆయనకే తెలుసు. బయట ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెబితే జాలి పడతారట.

అమ్మ గుండెలు బాదుకుంది. "అంతమంది కంపెనీలోళ్ళు ఒక్కచోట కూచుంటే, ఆ నోరు కాస్త తెరిస్తే ఏం పోయింది? అడగందే అమ్మయినా పెట్టదంటారు" అనేది. నాన్న "అక్కడ అడక్కూడదు" అని ఒక్క ముక్కతో తేల్చేసేవాడు. అమ్మకు ఒళ్ళు మండి ఆంటీ ఇంటికి రావడమే మానేసింది. నాన్న మాత్రం మానలేదు. పగలంతా దరఖాస్తులు పంపుతూ, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతూ, భుజాలు వేలాడేసుకుని ఉండే మనిషి, ఆదివారం రాగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్కింటికి వచ్చి ముగ్గుల గురించి మాట్లాడేవాడు. అది చూస్తే నాకు అమ్మకంటే ఎక్కువ మండేది. కొంప మునుగుతుంటే ఈయనకు చుక్కల లెక్కలు కావలసి వచ్చాయా అనిపించేది.

గడువు దగ్గర పడ్డ ఒక ఆదివారం సైన్స్ పార్క్ అంకుల్ ఎట్టకేలకు నోరు విప్పాడు. విప్పినవాడు విప్పినట్టే, ఇక ఆగలేదు. చిన్నప్పుడు వాళ్ళ పేటలో వేసవి వస్తే ఇల్లిల్లూ తిరిగి ఆవకాయకు మామిడికాయలు కొట్టేవాడట. కత్తిపీట ఆయన పట్టుకుంటే, ముక్కలు తుడిచి బుట్టలో వేసేది ఆయన స్నేహితుడు. టెంక ముక్కకు అంటిపెట్టుకుని ఉండాలట, లేకపోతే ముక్క మెత్తబడిపోతుందట. ఆ స్నేహితుడితో మాట్లాడి ఎన్నేళ్ళయిందో ఎంగిలి వేళ్ళ మీద లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. అందరూ తినడం ఆపి వింటున్నారు. మా నాన్న అయితే కళ్ళొత్తుకుంటున్నాడు.

నేనిక ఉండబట్టలేకపోయాను. ఇక్కడ మా బతుకు మూటగట్టుకునే వేళయింది, వీళ్ళు మామిడికాయ టెంక గురించి ఏడుస్తున్నారు. లేచి నిలబడి, "అంకుల్, మా నాన్నకి జాబ్ పోయింది. మీ ఆఫీసులో జాబ్ ఉందా?" అని అడిగేశాను.

నాన్న తల కంచంలోకి దిగిపోయింది. అందరూ ఆంటీ వైపు చూశారు. ఆవిడ నన్ను దగ్గరికి తీసుకుని ఓదారుస్తుందనే నేనూ అనుకున్నాను. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి పీచు నా చేతిలో పెట్టింది. "పోలీసే రూలు తప్పింది. రా అమ్మా, మూకుడు నీదే" అంది. అంత కోపం నాకు జన్మలో రాలేదు. వంటింట్లో సింకు అందక స్టూలెక్కి, కళ్ళ నీళ్ళు సబ్బు నీళ్ళలో కలుస్తుంటే ఆ దిక్కుమాలిన మూకుడు తోమడం మొదలుపెట్టాను.

కాసేపటికి నా పక్కన ఎవరో కంచం పెట్టారు. కరీంనగర్ అన్న. "నాది గూడ పోయింది పాపా. మూడు వారాలాయె. ఇంట్ల అమ్మకు సుత చెప్పలే. జర జరుగు" అన్నాడు, చొక్కా చేతులు మడుచుకుంటూ. ఉద్యోగం మాటెత్తి రూలు తప్పాడు కాబట్టి ఒక గిన్నె అతనూ అందుకున్నాడు. వెనకాలే బ్యాంకు ఆంటీ వచ్చింది. వాళ్ళ శాఖ మూసేస్తారని గుసగుసలట, రోజూ ఆఫీసు స్టాప్ వచ్చినా దిగకుండా ఇంకో రెండు స్టాపులు ముందుకెళ్ళి, వెనక్కి నడిచొస్తోందట. తనకొక గరిటె దొరికింది. ఆ చిన్న వంటింట్లో మనుషులు పట్టక మోచేతులు తగులుతున్నాయి. అప్పటిదాకా ఒకరికొకరు చెప్పుకోనివన్నీ ఆ నీళ్ళ చప్పుడులో బయటికొచ్చాయి.

మా నాన్న గుమ్మంలో నిలబడిపోయాడు. అప్పుడు సైన్స్ పార్క్ అంకుల్ ఆయన్ను దాటుకుని వచ్చి, ముందు నేను తోముతున్న మూకుడు చేతిలోకి తీసుకుని, తరవాత వెనక్కి తిరిగి అడిగాడు. "ఇన్నాళ్ళూ అడగలేదు. మీరు ఏం పని చేస్తారండీ?"

అదే ప్రశ్న. బయట అందరూ అందరినీ అడిగేదే. కానీ అడిగిన మనిషి చేతులకు మసి ఉంది. మా నాన్న లోపలికి వచ్చి చెప్పడం మొదలుపెట్టాడు, ఏం చేసేవాడో, ఎలా పోయిందో, ఎన్ని చోట్ల కాదన్నారో. చెబుతూ గిన్నెలు తుడిచాడు. జాలి పడతారని భయపడ్డాడు గదా, అక్కడ జాలి పడేంత తీరిక ఎవరికీ లేదు, అందరి చేతుల్లోనూ ఏదో ఒక గిన్నె ఉంది.

అందరూ వెళ్ళాక నేను మూతి ముడుచుకునే కూర్చుంటే, ఆంటీ నా పక్కన చతికిలబడింది. మేం ఆ ఇంటికి రాకముందు ఒక కుర్రాడు వచ్చేవాడట. ఉద్యోగం పోయిన వారం కూడా అన్నానికి వచ్చాడు. ఎవరో కంపెనీ అడిగారు, ఇంకెవరో ఎంత ఇస్తారన్నారు. అతను కలిపిన ముద్ద కంచంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. "కలిపిన ముద్ద ఒగ్గీసి పోనాడమ్మా. ఆడి పేరు మాలో ఎవులికీ తెల్దు, కంపెనీ పేరే తెలుసు. ఎక్కడని ఎతుకుతాను?" అంది. నేను అమ్మ మాట గుర్తు చేసి, అడగందే ఎవరు పెడతారని ఎదురు తిరిగాను. "ముందల మనిసి తెలియాలి. తరవాత అడిగినా పెడతారు, అడక్కపోయినా పెడతారు" అని మూకుడు ఎండలో బోర్లించింది.

సైన్స్ పార్క్ అంకుల్ దగ్గర ఆ రోజు ఖాళీ ఏమీ లేదు. తనకు తెలిసిన ఇంకో చోట చెప్పి, గడువు ముగిసే లోపల నాన్నకు చిన్న కాంట్రాక్టు ఇప్పించాడు. తరవాత ఏం చెప్పి ఇప్పించారని నాన్న అడిగితే, ముగ్గు సంగతే చెప్పానన్నాడట. కరీంనగర్ అన్నకు మాత్రం ఏదీ కుదరలేదు, వెళ్ళిపోయాడు. కానీ వెళ్ళేముందు వాళ్ళమ్మకు ఆంటీ ఇంటి నుంచే ఫోన్ చేసి నిజం చెప్పాడు. నాన్నా అతనూ ఇప్పటికీ మాట్లాడుకుంటారు. అతను ఏ కంపెనీలో ఉన్నాడో నాన్నకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అమ్మ విసుక్కుంటూనే ఉంటుంది.

ఇప్పుడు నా చెవుల పక్కన జుట్టు నెరిసింది, యీషున్‌లో ఉంటున్నాను, ఆంటీ లేదు, ఆ మూకుడు నా దగ్గరుంది. ఇంటికి కొత్త వాళ్ళొస్తే, ఏ కంపెనీ అని అడగడానికి నా నాలుక ఎంత దురద పెడుతుందో చెప్పలేను. బిగబట్టుకుని ఆంటీ ప్రశ్నే వేస్తాను. వాళ్ళు నీళ్ళు నములుతారు, మా అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయి, సింగపూర్ యాసలో "అమ్మా, ఆపు లా" అంటుంది. నిరుడు అలా వచ్చిన ఒకతను కలిపిన ముద్దను కంచంలోనే తిప్పుతూ కూర్చున్నాడు. నాకు సంగతి అర్థమైంది. భోజనాలయ్యేదాకా ఆగాను. తరవాత చేతులు మడుచుకుని, మూకుడు సింకులో పెట్టుకుని, అప్పుడు అడిగాను. "మీరు ఏం పని చేస్తారండీ?"